రేకును తినేది వాన కాదు, ఆరని తడి

మిర్యాలగూడ చుట్టుపక్కల పాతబడిన రైస్ మిల్లు షెడ్లను నింపాదిగా చూస్తే చాలాచోట్ల ఒక విచిత్రం కంటపడుతుంది. ఏళ్ల తరబడి వానలు దంచికొట్టిన పైవైపు రేకు బూడిద రంగుకు తిరిగి గట్టిగానే ఉంటుంది. ఒక్క చినుకు కూడా తగలని లోపలివైపు, చూరు కింద, ఒక రేకు మీద మరో రేకు ఎక్కిన అతుకుల దగ్గర మాత్రం ఎర్రటి మచ్చలు, పొలుసులు లేస్తాయి. వాన పడితేనే ఇనుము పాడవుతుందన్న లెక్క ప్రకారం ఇది జరగకూడదు.

సూర్యాపేట, మిర్యాలగూడల్లో దీన్ని ‘జంగు పట్టడం’ అంటారు. ఆంధ్రప్రదేశ్ పొలిమేరకు దగ్గరున్న కోదాడలో జంగుతో పాటు తుప్పు, చిలుము అన్న మాటలూ వినిపిస్తాయి. పేరేదైనా నష్టం ఒకటే. మిల్లు షెడ్డు, మార్కెట్ యార్డు కప్పు, దుకాణం షట్టర్, పశువుల కొట్టం, బీర పాదుల పందిరి తీగ, పొలం చుట్టూ ముళ్లకంచె, హైదరాబాద్–విజయవాడ రహదారి పక్కన క్రాష్ బారియర్, ఇవన్నీ జింక్ పూత పూసిన ఇనుముతో చేసినవే. ఆ పూత ఎలా పనిచేస్తుందో, ఎక్కడ ఓడిపోతుందో తెలిస్తే దాని ఆయువును చాలా పెంచుకోవచ్చు. అందుకు పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు.

పూత వెనుక కథ

జింక్‌కు తెలుగులో తుత్తునాగం, యశదం అని పాత పేర్లున్నాయి. దీన్ని ఖనిజం నుంచి వేరు చేయడం తేలిక కాదు. 907 డిగ్రీల వేడికే ఆవిరైపోతుంది కాబట్టి కొలిమిలో చేతికి చిక్కదు. ఆ ఆవిరిని పట్టి చల్లార్చి లోహంగా మార్చే విద్యను పెద్ద ఎత్తున సాధించిన తొలి చోట్లలో రాజస్థాన్‌లోని జావర్ ఒకటి. వందల ఏళ్ల కిందట అక్కడ వాడి పారేసిన మట్టి మూసల గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి. తెలుగు నేల మీద విశాఖపట్నంలో 1977లో మొదలైన హిందూస్థాన్ జింక్ కర్మాగారం 2012 దాకా ఈ లోహాన్ని తీసింది.

ముడతల రేకు ఆలోచన లండన్‌లో పుట్టింది. పలుచని ఇనుప రేకును అలలు అలలుగా వంచితే దాని గట్టిదనం ఎన్నో రెట్లు పెరుగుతుందని గ్రహించి హెన్రీ రాబిన్‌సన్ పామర్ 1829లో పేటెంటు తీసుకున్నాడు. గట్టిదనం వచ్చింది గాని తుప్పు బాధ తీరలేదు. 1837లో ఫ్రెంచి ఇంజనీరు స్టానిస్లాస్ సోరెల్, శుభ్రం చేసిన ఇనుమును కరిగిన జింక్‌లో ముంచే పద్ధతికి పేటెంటు పొందాడు. కప్పలతో విద్యుత్ ప్రయోగాలు చేసిన ఇటలీ శాస్త్రవేత్త లూయీజీ గాల్వానీ పేరు మీదుగా దానికి గాల్వనైజింగ్ అనే పేరు స్థిరపడింది. జీఐ పైపు, జీఐ తీగ అనే మాటల్లోని ‘జీ’ అక్షరం ఆయన పేరులోదే.

నేటికీ పద్ధతి దాదాపు అదే. ఆమ్లంలో కడిగిన ఉక్కును సుమారు 450 డిగ్రీల వేడిమీద కరిగి ఉన్న జింక్‌లో ముంచుతారు. ఇది రంగు వేయడం లాంటిది కాదు. ఇనుము, జింక్ కలిసే చోట రెండింటి మిశ్రమలోహం ఏర్పడి పూతను ఉక్కుకు అతికిస్తుంది. పెద్ద కర్మాగారాల్లో ఉక్కు పట్టీ ఈ జింక్ తొట్టిలోంచి ఆగకుండా పరుగెత్తుకు వస్తుంది. పైకి రాగానే గాలి జెట్లు అదనపు జింక్‌ను ఊదేస్తాయి. ఆ గాలి ఎంత బలంగా వీచిందన్న దాన్ని బట్టి రేకు మీద ఎంత జింక్ మిగలాలో తేలిపోతుంది.

రేకు మీద మెరిసే పువ్వులను చూసి నాణ్యత నిర్ణయించేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ పువ్వులు జింక్ గడ్డకట్టేటప్పుడు ఏర్పడే స్ఫటికాలు. చల్లారిన తీరును బట్టి, జింక్‌లో కలిసిన సీసం, యాంటిమనీ లాంటి వాటిని బట్టి అవి పెద్దవో చిన్నవో అవుతాయి. పువ్వు పెద్దదైనంత మాత్రాన రేకు ఎక్కువ కాలం రాదు.

రెండు కాపలాలు

జింక్ పూత రెండు విధాలుగా ఇనుమును కాస్తుంది. మొదటిది అందరికీ తెలిసిందే. నీరూ గాలీ ఇనుమును తాకకుండా అడ్డం నిలుస్తుంది. రెండోది అంతకన్నా గొప్పది. గీత పడి ఇనుము బయటపడ్డా, తడి తగిలినప్పుడు ముందుగా జింకే కరుగుతుంది.

దీనికి కారణం ఆ రెండు లోహాల స్వభావంలో ఉంది. ఎలక్ట్రాన్లను వదులుకునే గుణాన్ని వోల్టులలో కొలిస్తే జింక్‌ది మైనస్ 0.76, ఇనుముది మైనస్ 0.44. రెండూ ఒకదానికొకటి ఆనుకుని తడిస్తే అదొక చిన్న బ్యాటరీ అవుతుంది. జింక్ ఎలక్ట్రాన్లను ఇస్తూ తాను కరుగుతుంది, ఇనుము నిలబడుతుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ 1824లోనే ఈ సూత్రంతో యుద్ధనౌకల అడుగున ఉండే రాగి రేకులను కాపాడే ప్రయత్నం చేశాడు. మామూలు రంగు మీద గీత పడితే తుప్పు రంగు కిందికి పాకుతూ పోతుంది. జింక్ పూత మీద గీత పడితే పక్కనున్న జింక్ దాన్ని కాస్తుంది. అయితే ఈ కాపలా కొద్ది మిల్లీమీటర్ల మేరకే. అరచేతి వెడల్పున పూత కాలిపోతే చుట్టూ ఉన్న జింక్ ఏమీ చేయలేదు.

ఆరితే కవచం, ఆరకపోతే తెల్ల పొడి

కొత్త రేకు తళతళలాడుతుంది గాని రక్షణలో అది ఇంకా పచ్చి రేకే. గాలి తగలగానే దాని మీద జింక్ ఆక్సైడ్ పొర వస్తుంది. తడి తగిలితే అది హైడ్రాక్సైడ్ అవుతుంది. తర్వాత తడి ఆరుతూ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్ అందుతూ ఉంటే, నెమ్మదిగా జింక్ కార్బొనేట్ పొర గట్టిపడుతుంది. ఇది నీటిలో కరగదు, రేకును అంటిపెట్టుకుని ఉంటుంది. కొన్ని నెలల నుంచి ఒకటి రెండేళ్ల లోపు ఏర్పడే ఈ మసక బూడిద రంగు పొరే రేకుకు అసలు కవచం. మెరుపు పోయిందని బాధపడాల్సిన పని లేదు. రేకు పక్వానికి వచ్చిందనడానికి అదే గుర్తు.

ఇదే నీరు గాలి ఆడని చోట చిక్కుకుంటే కథ తిరగబడుతుంది. కొత్త రేకుల కట్టను షెడ్డు వెనుక నేల మీద పడుకోబెట్టి, పైన టార్పాలిన్ బిగించి వదిలేస్తే రేకుల మధ్య సన్నని నీటి పొర చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ లోపలికి అందదు. హైడ్రాక్సైడ్ కార్బొనేట్‌గా మారలేక గుల్లగుల్లగా తెల్లటి పొడిలా పొంగుతుంది. దీన్నే తెల్ల తుప్పు అంటారు. అది రేకును కాపాడదు, పైగా స్పాంజిలా తడిని పట్టి ఉంచుతుంది. ఇంటి కప్పు ఎక్కకముందే కట్టలోనే పాడైపోయే రేకుల వెనుక కారణం చాలాసార్లు ఇదే.

తడవడం, ఆరడం అనే ఈ వరస ఇనుముకూ మేలు చేసిన ఉదాహరణ ఢిల్లీలో ఉంది. సుమారు 1600 ఏళ్ల నాటి మెహ్రౌలీ ఇనుప స్తంభంలో భాస్వరం ఎక్కువ. ఆ భాస్వరం ఉండటం వల్ల, తడిసి ఆరే చక్రాలలో స్తంభం మీద పలుచని రక్షక పొర ఏర్పడిందని కాన్పూర్ ఐఐటీ ఆచార్యుడు ఆర్. బాలసుబ్రమణియం తన పరిశోధనల్లో వివరించాడు. ఎప్పుడూ తడిగానే ఉండే చోట ఆ పొర అలా కుదురుకునేది కాదు.

ఇక్కడి తేమ ఎక్కడిది?

గాలిలో తేమ దాదాపు 60 శాతం దాటితే, వాన లేకపోయినా ఇనుము మీద కంటికి కనబడని నీటి పొర నిలిచి తుప్పు జోరందుకుంటుందని 1930ల్లో ఇంగ్లండ్‌లో డబ్ల్యు.హెచ్.జె. వెర్నాన్ ప్రయోగాలు చూపాయి. గాలి ఎంతగా లోహాన్ని తినగలదో లెక్కగట్టే అంతర్జాతీయ పద్ధతిలో 80 శాతం దాటిన తేమ గంటలను ‘తడి కాలం’గా లెక్కిస్తారు. అక్కడ కొలిచేది ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందని కాదు, రేకు ఎన్ని గంటలు తడిగా ఉందని.

1955లో పునాది పడి, 1967లో కాలువలకు నీరు వదిలిన నాగార్జున సాగర్ ఈ ప్రాంతాన్ని మార్చేసింది. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలు వరి మడులయ్యాయి. వానకాలం, యాసంగి రెండు పంటలకూ మడుల్లో నీరు నిలుస్తుంది. చలికాలపు తెల్లవారుజామున ఆ చెమ్మ రేకుల మీద మంచుగా కురుస్తుంది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే పలుచని రేకు తన వేడిని వేగంగా పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. లోపలి గాలిలోని ఆవిరి అడుగు వైపున చుక్కలు కడుతుంది. ఉదయం మిల్లులో, కోళ్ల షెడ్డులో, కొట్టంలో పైకప్పు నుంచి రాలే చుక్కలు అవే.

మిల్లుల్లో ఈ ఆవిరి మామూలుగా ఉండదు. యాసంగి వడ్లను నేరుగా మర పట్టిస్తే ఎండ దెబ్బకు గింజ విరిగి నూక ఎక్కువవుతుంది. అందుకే వాటిని నానబెట్టి, ఆవిరి పట్టించి ఉప్పుడు బియ్యం చేస్తారు. ఆవిరి పట్టిన వడ్లలో తేమ 30 నుంచి 35 శాతం ఉంటుంది. ఆరబెట్టి దాన్ని 14 శాతానికి దించాలి. లెక్క వేస్తే, ఆరిన ప్రతి 100 కిలోల వడ్లకు 23 నుంచి 32 కిలోల నీరు గాలిలో కలుస్తుంది. ఆ ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే చేరేది షెడ్డు రేకు అడుగుకే. పైవైపు రేకును వాన కడిగి పోతుంది, ఎండ ఆరబెడుతుంది. అడుగు వైపున ఊక దుమ్ము, పొగమసి, తడి కలిసి పట్టులా పేరుకుంటాయి. కడిగేవారూ లేరు, ఆరబెట్టే ఎండా లేదు. మొదట్లో చూసిన విచిత్రానికి జవాబు ఇదే.

ఉప్పు సముద్రం నుంచే రానక్కర్లేదు

విశాఖపట్నం, మచిలీపట్నం తీరాల్లో జింక్‌కు పెద్ద శత్రువు ఉప్పుగాలి. కోదాడకు సముద్రం వంద కిలోమీటర్లకు పైగా దూరం. ఆ విధంగా ఇక్కడి రేకులు అదృష్టం చేసుకున్నవే. కాని ఊళ్లోనే తయారయ్యే ఉప్పులు తక్కువ కాదు.

పొటాష్ ఎరువు రసాయనికంగా పొటాషియం క్లోరైడ్, అంటే తినే ఉప్పుకు దగ్గరి బంధువు. యూరియా, అమ్మోనియం సల్ఫేట్ బస్తాల నుంచి రాలిన గుళికలు గాలిలోని తేమను లాక్కుని నీరవుతాయి. ఎరువు బస్తాలు గోడ రేకుకు ఆనించి పేర్చిన గోదాములో అడుగు మూర ఎత్తు ముందుగా పోవడానికి కారణం ఇదే. పశువుల కొట్టంలో మూత్రం, పేడ నుంచి లేచే అమ్మోనియా తడితో కలిసి పూతను తింటుంది. కోళ్ల షెడ్డులోనూ అంతే.

సిమెంటు సంగతి మరొకటి. హుజూర్‌నగర్, మేళ్లచెరువు, మఠంపల్లి చుట్టూ సున్నపురాయి నిక్షేపాల మీద సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. ఇళ్ల పని ఎక్కడ చూసినా సాగుతూనే ఉంటుంది. జింక్ ఆమ్లానికీ లొంగుతుంది, గాఢమైన క్షారానికీ లొంగుతుంది. సుమారు 6 నుంచి 12.5 పీహెచ్ మధ్యే అది క్షేమంగా ఉంటుంది. పచ్చి సిమెంటు ఆ హద్దు అంచున ఉంటుంది. కొత్త రేకు మీద పడిన సిమెంటు పాలను గట్టిపడక ముందే నీళ్లతో కడిగేయాలి. గట్టిపడ్డాక గీకితే సిమెంటుతో పాటు పూతా లేచి వస్తుంది.

వరద వదిలి వెళ్లే బురదది ఇంకో రకం దెబ్బ. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 తేదీల్లో కురిసిన కుంభవృష్టికి కోదాడ నీట మునిగింది. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఇలాంటి వరద తర్వాత అందరి దృష్టీ సరుకు మీద, ఇంటి సామాను మీద ఉండటం సహజం. కాని షట్టర్ అడుగు పట్టీలో, పక్కల గాడిలో, గేటు పైపు లోపల నిలిచిన ఒండ్రు వారాల తరబడి తడిగా ఉండి పూతను మింగుతుంది. నీరు తీసిన తొలి రోజుల్లోనే మంచినీటితో ఆ గాడులు కడిగి ఆరనిస్తే షట్టర్ దక్కుతుంది.

కొనేటప్పుడు అడగాల్సిన అంకె

ఇనుప దుకాణంలో అందరూ అడిగేది రేకు గేజ్. అది ఉక్కు మందాన్ని చెబుతుంది. తుప్పు విషయంలో అడగాల్సింది జింక్ బరువు, అంటే జీఎస్‌ఎం. చదరపు మీటరు రేకుకు రెండు వైపులా కలిపి ఎన్ని గ్రాముల జింక్ ఉందో ఆ అంకె చెబుతుంది. గాల్వనైజ్డ్ రేకులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 277. అందులో 120, 180, 220, 275 లాంటి తరగతులున్నాయి.

గ్రాములను మందంగా మార్చుకుంటే విషయం తేటపడుతుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. చదరపు మీటరు మీద 7.14 గ్రాముల జింక్ పరిస్తే ఒక మైక్రాన్ మందం అవుతుంది. 275 తరగతి రేకుకు ఒక్కో వైపు 19 మైక్రాన్ల పైచిలుకు పూత ఉంటుంది. 120 తరగతికి 8 మైక్రాన్ల పైచిలుకు మాత్రమే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. దుకాణం ముందు పక్కపక్కన నిలబెడితే రెండు రేకులూ ఒకేలా మెరుస్తాయి.

ఐఎస్‌ఓ 9223 అనే అంతర్జాతీయ ప్రమాణం వాతావరణాలను తరగతులుగా విడదీసింది. కాలుష్యం తక్కువగా ఉన్న ఉష్ణమండల ప్రాంతాలు అందులో సి3 కిందికి వస్తాయి. అక్కడ మామూలు ఉక్కు ఏడాదికి 25 నుంచి 50 మైక్రాన్లు పోతే, జింక్ 0.7 నుంచి 2.1 మైక్రాన్లే పోతుంది. ఆ లెక్కన 120 తరగతి పూత 4 నుంచి 12 ఏళ్లు, 275 తరగతి పూత 9 నుంచి 27 ఏళ్లు నిలవాలి. ఇది ఆరుబయట గాలి లెక్క. ఆవిరి నిండిన మిల్లు లోపల, అమ్మోనియా నిండిన కొట్టంలో పూత ఇంతకన్నా త్వరగా కరుగుతుంది. అందుకే అలాంటి చోట్లకు తక్కువ జీఎస్‌ఎం రేకు కొనడం ఆదా కాదు. అల్యూమినియం, జింక్ కలిపిన పూత రేకులు ఆరుబయట బాగా పనిచేస్తాయి గాని అల్యూమినియానికి క్షారం పడదు. పశువుల కొట్టానికి, పచ్చి సిమెంటు తగిలే చోటుకు అవి తగవు.

కప్పేటప్పుడు, కప్పాక

రేకుల కట్ట ఇంటికి రాగానే దాన్ని కర్ర దిమ్మెల మీద, ఒక కొస ఎత్తుగా ఉండేలా, నీరు జారిపోయేలా పెట్టాలి. తడిస్తే కట్ట విప్పి రేకులను విడివిడిగా నిలబెట్టి ఆరబెట్టాలి. తెల్ల పొడి పలుచగా ఉంటే నైలాన్ బ్రష్‌తో రుద్ది, కడిగి, ఎండలో ఉంచితే చాలు. కింద జింక్ మిగిలే ఉంటుంది.

రేకును గ్రైండర్‌తో కోస్తే అంచు వెంట పూత కాలిపోతుంది. ఎగిరిన నిప్పురవ్వలు రేకు మీద అంటుకుని తొలి వానకే ఎర్ర చుక్కలవుతాయి. రేకు కత్తెరతో కోయడం మేలు. బోల్టుల కోసం బెజ్జాలు వేశాక ఇనుప రజనును అదే రోజు ఊడ్చేయాలి. స్క్రూలు, జె-బోల్టులు కూడా జింక్ పూతవే కావాలి. వాషర్లు రబ్బరువి ఉండాలి. ఏసీ రాగి గొట్టం నుంచి కారే నీరు రేకు మీద పడనీయకూడదు. ఆ నీటిలో కరిగిన రాగి జింక్ మీద చేరి దాన్ని తొందరగా కరిగిస్తుంది. జీఐ పైపుల్లోనూ ఇదే నియమం. నీరు ముందు రాగి గొట్టంలోంచి వచ్చి తర్వాత జీఐ పైపులోకి పోకూడదు.

వేడి నీటికి జీఐ పైపు నమ్మదగినది కాదు. కొన్ని రకాల నీటిలో వేడి 60 డిగ్రీలు దాటితే జింక్, ఇనుము పాత్రలు మారిపోతాయి. అప్పుడు జింక్ నిలబడి ఇనుమే కరుగుతుంది. వడ్లను 70 డిగ్రీల దగ్గర నానబెట్టే మిల్లులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొత్త జీఐ రేకు మీద నేరుగా ఎనామిల్ వేస్తే ఏడాది రెండేళ్లలో పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతుంది. రంగులోని నూనెతో జింక్ కలిసి సబ్బు లాంటి పొరగా మారడమే కారణం. జిడ్డు కడిగి, గాల్వనైజ్డ్ రేకుల కోసం తయారు చేసిన ప్రైమర్ వేసి, ఆపైన రంగు వేయాలి. అలా సరిగ్గా వేసిన రంగు, జింక్ ఒకదాన్నొకటి కాపాడుకుంటాయి. రెండింటి ఆయుష్షులను కూడితే వచ్చే దానికన్నా ఒకటిన్నర నుంచి రెండుంబావు రెట్లు ఎక్కువ కాలం నిలుస్తాయని ఈ రంగంలో గుర్తించారు.

మిల్లు షెడ్డుకైనా కొట్టానికైనా నడికప్పు దగ్గర ఆవిరి పోయే సందు, గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్ పెట్టడం అన్నిటికన్నా విలువైన పని. డ్రైయర్ వదిలే తడి గాలిని గొట్టంతో నేరుగా బయటికి పంపాలి. అడుగు వైపు పేరుకున్న దుమ్మును ఏడాదికోసారి దులపాలి. చూరు కాలువలో కుళ్లే వేపాకు, చింతాకులను తీసేయాలి.

వెల్డింగ్ చేసేవారికి

పూత ఉన్న పైపును అలాగే వెల్డింగ్ చేస్తే జింక్ ఆవిరై తెల్లని పొగగా లేస్తుంది. దాన్ని పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గాని తేలిగ్గా తీసుకోదగింది కాదు. పాలు తాగితే ఏమీ కాదనే నమ్మకం వెల్డింగ్ షాపుల్లో బలంగా ఉంది. ఊపిరితిత్తుల్లోకి పోయిన పొగను పాలు ఆపలేవు. అతుకు పడే చోట ముందుగా పూతను గీకేయాలి. గాలి ఆడే చోట, పొగకు పక్కగా నిలబడి, తగిన మాస్కుతో పని చేయాలి.

వెల్డింగ్ చేసిన చోట పూత పూర్తిగా పోయినట్టే. అక్కడ మామూలు రెడ్ ఆక్సైడ్ పూసి వదిలేయడం చాలాచోట్ల అలవాటు. దాని బదులు జింక్ రిచ్ పెయింట్ వాడాలి. ఆరాక అందులో 90 శాతానికి పైగా జింక్ ధూళే ఉంటుంది కాబట్టి ఇనుమును అసలు పూతలాగే కాపాడుతుంది. అయితే కింద తుప్పు అంతా పోయి లోహం మెరిసేదాకా రుద్దాకే వేయాలి. తుప్పు మీద వేస్తే జింక్ ఇనుమును తాకదు, పని చేయదు.

రోహిణి కార్తె ఎండల్లో రేకు పూర్తిగా ఆరి ఉంటుంది. మృగశిర చినుకులు పడకముందే ఒక పూట నిచ్చెన వేసుకుని రేకుల అడుగు వైపు చూడండి. తెల్ల పొడి కనిపిస్తే బ్రష్, నీరు, గాలి సరిపోతాయి. ఎర్ర మచ్చలు అక్కడక్కడా ఉంటే రుద్ది, జింక్ రిచ్ పెయింట్ వేయండి. ఎరుపు మొత్తం రేకులో 5 శాతం దాకా వచ్చేసరికి మరమ్మతు వేళయిందని నిపుణులు లెక్కిస్తారు. అప్పటికి కూడా రేకులో ఎక్కువ భాగం మీద జింక్ మిగిలే ఉంటుంది కాబట్టి రేకును మార్చకుండానే కాపాడుకోవచ్చు.